ప్రాక్టీస్ మ్యాచ్ ఓడితే ఆగమాగం కావద్దు: ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ప్రీసీజన్ ఎట్లా చూడాలి

ఫిబ్రవరి నెలాఖరు వచ్చిందంటే మా వాట్సాప్ గ్రూపులో లొల్లి మొదలు. హనుమకొండలో ముగ్గురం, మెల్‌బోర్న్‌లో పడమటి వైపు టార్నీట్, పాయింట్ కుక్‌లలో ఉండే మా అక్క కొడుకు, వాడి దోస్తులు, అంతా కలిపి తొమ్మిది మందిమి. అందరిదీ ఒకటే టీమ్, వెస్టర్న్ బుల్‌డాగ్స్. ప్రాక్టీస్ మ్యాచ్ సగం కాకముందే ఒకరు "ఈ ఏడు ఫ్లాగ్ మనదే" అంటారు, కాసేపటికి అవతలివాళ్ళు వరసగా మూడు గోల్స్ కొడితే అదే మనిషి "కోచ్‌ను మార్చాలి" అని రాస్తాడు. ఫ్లాగ్ అంటే ఛాంపియన్‌షిప్, గెలిచిన క్లబ్ జెండా ఎగరేస్తుంది కాబట్టి అక్కడ ఆ మాట వాడతారు. నేను బడిలో పీఈటీని. కబడ్డీ, ఖోఖో సెలెక్షన్లకు పిల్లలను తయారు చేయడం నా పని, ప్రాక్టీస్ ఆటలో ఏం కనబడుతుందో ఏం కనబడదో రోజూ చూస్తుంటా. అందుకే ఈ ఆట కొత్తగా చూస్తున్న మనవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నా.

ఆట అసలే తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. క్రికెట్ ఆడే గుండ్రటి గ్రౌండ్‌లోనే, ఒక్కో వైపు 18 మంది, కోలగా ఉండే బంతి. బంతిని కాలితో తన్నొచ్చు, పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించొచ్చు, విసరడం మాత్రం కుదరదు. 15 మీటర్లు దాటి వచ్చిన కిక్‌ను గాలిలోనే పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు, పట్టినవాడు ఆగి తీరిగ్గా తన్నుకోవచ్చు. 1858లో టామ్ విల్స్ అనే క్రికెటర్ చలికాలంలో క్రికెటర్లు ఒళ్ళు వంచేలా ఒక ఫుట్‌బాల్ క్లబ్ పెట్టుకోవాలని పత్రికకు ఉత్తరం రాశాడు, ఆ మరుసటి ఏడాదే మెల్‌బోర్న్‌లో రూల్స్ రాసుకున్నారు. క్రికెట్‌లో మనం చూసే ఎంసీజీలోనే దీని ఫైనల్ జరుగుతుంది, మామూలుగా సెప్టెంబర్ చివరి శనివారం.

ముందు స్కోరు చదవడం నేర్చుకోండి, సగం గొడవలు అక్కడే మొదలవుతాయి. మధ్యలో రెండు పొడుగు స్తంభాల నడుమ నుంచి తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్కనున్న పొట్టి స్తంభం వైపు పోతే బిహైండ్, 1 పాయింట్. అందుకే స్కోరును గోల్స్, బిహైండ్స్, బ్రాకెట్‌లో మొత్తం పాయింట్లు అని మూడు సంఖ్యలతో రాస్తారు. 2023 ఫైనల్‌లో కాలింగ్‌వుడ్ 12.18 (90), బ్రిస్బేన్ 13.8 (86). బ్రిస్బేన్ ఒక గోల్ ఎక్కువ కొట్టింది, అయినా 4 పాయింట్లతో ఓడింది. ఈ లెక్క ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఇంకా ముఖ్యం. ఉదాహరణకి మన టీమ్ 8.17 (65), అవతలివాళ్ళు 13.6 (84) అనుకోండి, 19 పాయింట్ల తేడాతో ఓడాం అని గుండెలు బాదుకునేముందు గోల్స్‌నూ బిహైండ్స్‌నూ కలిపి చూడండి: మనకు 25 అవకాశాలు, వాళ్ళకు 19. బంతి గోల్ దాకా వస్తోంది, తన్నడమే కుదరట్లేదు. ఫిబ్రవరిలో ఇట్లా ఓడితే నాకు టెన్షన్ ఉండదు. అవకాశాలే తొమ్మిదో పదో ఉంటే మాత్రం గెలిచినా సరే నేను ఆలోచిస్తా.

టైమ్ సంగతి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మెల్‌బోర్న్ మనకన్నా అయిదున్నర గంటలు ముందుంటుంది, అక్కడ రాత్రి 7:10కి మొదలైతే మనకు మధ్యాహ్నం 1:40. అడిలైడ్‌లో అయితే తేడా అయిదు గంటలు, పెర్త్‌లో రెండున్నరే. మ్యాచ్ ఏ ఊళ్ళోనో చూసి అలారం పెట్టుకోండి. ఆస్ట్రేలియా బయట ఉన్నవాళ్ళకు వాచ్ ఏఎఫ్ఎల్ అనే స్ట్రీమింగ్ ఉంది, ఏఎఫ్ఎల్ అంటే ఈ ఆట లీగ్ పేరు. డ్యూటీలో ఉంటే గ్రూపును మ్యూట్‌లో పెట్టి సాయంత్రం చూసుకోండి, స్కోరు ముందే తెలిస్తే కళ్ళు స్కోరు వైపే పోతాయి.

ఇప్పుడు అసలు ముచ్చట. ప్రీసీజన్‌లో అన్ని మ్యాచ్‌లూ ఒకటి కావు. మొదట క్లబ్ లోపలే రెండు జట్లుగా చీలి ఆడతారు, దాని స్కోరుకు విలువే లేదు. తర్వాత ఇంకో క్లబ్‌తో మ్యాచ్ సిమ్యులేషన్, ఇందులో ఎంతసేపు ఆడాలి, ఎంతమందిని దింపాలి అనేది రెండు క్లబ్బులూ మాట్లాడుకుంటాయి, కాబట్టి అది నిజం మ్యాచ్‌లా కనిపించినా నిజం మ్యాచ్ కాదు. సీజన్ ముందర ఆడే చివరి మ్యాచ్ మాత్రమే కొంచెం దగ్గరగా ఉంటుంది. ఒకప్పుడు ప్రీసీజన్‌కు విడిగా కప్పు ఉండేది, 50 మీటర్ల అవతలి నుంచి కొట్టిన గోల్‌కి 9 పాయింట్లు ఇచ్చిన రోజులూ ఉన్నాయి, 2013తో ఆ కప్పు ఆగిపోయింది. గెలిస్తే వచ్చేది లేదు, ఓడితే పోయేది లేదు, కోచ్ తనకు కావాల్సింది పరీక్షించుకుంటాడు.

ఎనుమాముల మార్కెట్‌కు ఇదే నెలల్లో మిర్చి వస్తుంది కదా, అక్కడ కొనేవాళ్ళను చూడండి. బస్తా మూతి దగ్గర ఎర్రగా మెరిసే కాయ చూసి ధర చెప్పరు. చెయ్యి లోపలిదాకా పెట్టి గుప్పెడు తీసి, కాయ విరిచి, తేమ ఎంతుందో, తాలు ఎంత కలిసిందో చూస్తారు. మ్యాచ్‌నూ అట్లనే చూడాలి.

ఒక నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి. హాఫ్‌టైమ్ స్కోరు వేరుగా రాసుకోండి, ఎందుకంటే చాలాసార్లు మెయిన్ ఆటగాళ్ళు మొదటి సగమే గట్టిగా ఆడతారు, మూడో క్వార్టర్ తర్వాత ఒక్కొక్కరే ట్రాక్‌సూట్ వేసుకుని కూర్చుంటారు, చివరి క్వార్టర్ కుర్రాళ్ళది. 30 పాయింట్ల లీడ్ చివర్లో కరిగిపోయిందంటే ఆ సమయంలో గ్రౌండ్‌లో ఎవరున్నారు అని ముందు అడగండి.

తర్వాత గ్రౌండ్ మధ్యలో చూడండి. ఆట మొదలైనప్పుడూ, ప్రతి గోల్ తర్వాతా అంపైర్ బంతిని మధ్యలో పైకి పంపుతాడు. 2019 నుంచి ఆ సమయంలో ఒక్కో జట్టుకు గోల్ వైపులా ఆరుగురు, ఆరుగురు, మధ్యలో ఆరుగురు నిలబడాలన్న రూల్ ఉంది, ఆ మధ్య ఆరుగురిలో నడి చతురస్రంలో ఉండేది నలుగురే. ఒకడు రక్, అంటే ఎగిరి బంతిని తన వాళ్ళకు కొట్టే పొడగరి, మిగతా ముగ్గురు దాన్ని అందుకుని బయటికి తెచ్చేవాళ్ళు. బుల్‌డాగ్స్ కెప్టెన్ బొంటెంపెల్లీ ఆడుతుంటే అందరి చూపూ అతని మీదే ఉంటుంది, కాని ప్రాక్టీస్‌లో చూడాల్సింది అతని పక్కన కోచ్ ఎవరిని నిలబెడుతున్నాడనేది. పేర్లు రాసుకోండి. ఒక కుర్రాడిని నాలుగైదుసార్లు అక్కడ పెట్టారంటే వాడి మీద నమ్మకం ఉన్నట్టే, ఆ రోజు వాడికి బంతి దొరికినా దొరకకపోయినా.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది వెనక నుంచి బంతి ఎట్లా వస్తోందో చూడటం. అవతలివాళ్ళు బిహైండ్ కొట్టాక మనవాళ్ళు గోల్ దగ్గరి నుంచి బంతి తన్ని ఆట మొదలుపెడతారు, దాన్ని కిక్-ఇన్ అంటారు. భయంగా ఉన్న టీమ్ ప్రతిసారీ బౌండరీ పక్కకే తంతుంది. ధైర్యం ఉన్న టీమ్ మధ్యలోంచి వస్తుంది, తప్పు జరిగితే గోల్ పడుతుందని తెలిసినా వస్తుంది. డిసెంబర్, జనవరి (అక్కడ అది ఎండాకాలం) ఎండల్లో కోచ్ నేర్పిన కొత్త పాఠం ఇక్కడే కనబడుతుంది, మొదట్లో తప్పులు కూడా ఇక్కడే ఎక్కువ పడతాయి. మా పిల్లలకు కబడ్డీలో కొత్త పట్టు నేర్పినప్పుడు మొదటి వారం పాత ఆట కూడా చెడిపోయినట్టు అనిపిస్తుంది, పాయింట్లు పోతాయి, తల్లిదండ్రులు వచ్చి "సార్, మావాడు ఇంతకుముందే బాగా ఆడేవాడు" అంటారు. మధ్యలోంచి రాబోయి బంతి పోగొట్టుకుని గోల్ ఇచ్చారా, దాన్ని విడిగా రాసుకోండి, చేతకాక ఇచ్చిన గోల్స్‌తో కలపొద్దు.

కొత్త కుర్రాళ్ళకు ఎన్ని కిక్‌లు, ఎన్ని గోల్స్ అనే లెక్క వద్దు. బంతి చేజారిన తర్వాత మళ్ళీ దాని వెంట పడుతున్నారా, కింద పడ్డవాడు లేచి మళ్ళీ ట్యాకిల్‌కు ఉరుకుతున్నాడా, అంతే చూడండి.

ఎవరైనా తొడ వెనక పట్టుకుని బయటికి పోతే వెంటనే "అయిపోయింది" అని రాయకండి, ముందుగా అనుకున్న రెస్ట్ కూడా కావచ్చు. క్లబ్ చెప్పేదాకా ఆగండి. తలకు దెబ్బ తగిలి కంకషన్ అని తేలితే మాత్రం 12వ రోజుకన్నా ముందు మ్యాచ్ ఆడనివ్వరు, మొదటి రౌండ్ తేదీతో లెక్క వేసుకోండి. మోకాలిలో ఉండే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగిందంటే ఆ సీజన్ మీద దాదాపు ఆశ వదులుకోవాల్సిందే.

ఇక రాయడం. మ్యాచ్ అయ్యాక ఒక చాయ్ తాగండి, సంక్రాంతి సకినాలు డబ్బాలో మిగిలి ఉంటే తినండి, అప్పుడు ఫోన్ పట్టుకోండి. తీర్పు కాకుండా చూసింది రాయండి. "డిఫెన్స్ దండగ" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "రెండో క్వార్టర్‌లో నాలుగుసార్లు మధ్యలోంచి వచ్చారు, రెండుసార్లు బంతి పోయింది, పోయిన సీజన్‌లో ఇట్లా ప్రయత్నించనే లేదు" అని రాస్తే మిగతావాళ్ళూ తాము చూసింది చెప్తారు, మాట ముందుకు పోతుంది. గెలిచినప్పుడూ ఇదే పద్ధతి, ఫిబ్రవరి గెలుపుతో ఎవరికీ ఫ్లాగ్ రాలేదు. 2016లో మన బుల్‌డాగ్స్ లీగ్ దశను ఏడో స్థానంలో ముగించి, ఫైనల్‌లో సిడ్నీని 89-67తో ఓడించి, 1954 తర్వాత 62 ఏళ్ళకు ఛాంపియన్లయ్యారు. ఆ ఏడు ఆగస్టులో కూడా ఎంతమంది నమ్మి ఉంటారు?

ఆటగాళ్ళ గురించి, ముఖ్యంగా చిన్నోళ్ళ గురించి, నేనొక తప్పు చేశాను. రెండేళ్ళ కింద ఒక కుర్రాడు ప్రాక్టీస్ మ్యాచ్‌లో దగ్గర నుంచి రెండు కిక్‌లు మిస్ చేస్తే "వీడు పనికిరాడు, పంపించెయ్యండి" అని గ్రూపులో పెట్టాను. మెల్‌బోర్న్‌లోని మా మేనల్లుడు గ్రూపులో ఏమీ అనలేదు, విడిగా ఫోన్ చేశాడు. "మామా, ఆ పిల్లగాడికి 19 ఏండ్లు. నీ బడి పిల్లగాడు సెలెక్షన్‌లో తడబడితే నువ్వు గిట్లనే అంటవా?" అన్నాడు. నాకు మాట రాలేదు. మెసేజ్ తీసేశాను. అప్పటి నుంచి మా గ్రూపులో ఒక నియమం ఉంది: మొదటి ఏడాది కుర్రాళ్ళ గురించి బాగా చేసింది మాత్రమే రాయాలి, బాగా చేయనిది నోట్‌బుక్‌లో పెట్టుకోవాలి.

ఆ నోట్‌బుక్ పారేయకండి. అయిదో రౌండ్ అయ్యాక తీసి చూడండి, ఫిబ్రవరిలో మధ్యలో నిలబెట్టిన కుర్రాడు ఇప్పుడెక్కడున్నాడు, కిక్-ఇన్‌లు ఇంకా మధ్యలోంచే వస్తున్నాయా, మీరు చూసినదాంట్లో ఏది నిలిచింది. అన్నట్టు, ఏప్రిల్ మొదటి ఆదివారం మెల్‌బోర్న్‌లో గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అప్పటి నుంచి తేడా నాలుగున్నర గంటలే, అదే 7:10 మ్యాచ్ మనకు 2:40కి వస్తుంది. అలారం మార్చుకోండి.