పాత వెండి రూపాయికి నీళ్ళ పరీక్ష

విక్టోరియా రూపాయి కొనేముందు అయస్కాంతం ఒక్కటే నమ్మొద్దు. ఇత్తడి, జర్మన్ సిల్వర్ (వెండి లేని రాగి-నికెల్-జింకు మిశ్రమం) కూడా దానికి అంటుకోవు. 0.01 గ్రాము చూపే కాటా మీద అరగని బిళ్ళ సుమారు 11.66 గ్రాములు తూగాలి. తర్వాత కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేసి, బిళ్ళను సన్నదారంతో వేలాడదీసి, అడుగు, అంచు తగలకుండా పూర్తిగా ముంచండి. కాటా 1.13 గ్రాముల దగ్గర చూపితే లోహం సరే. 1.3 చేరితే రాగో ఇత్తడో. గాలిబుడగలు అంటుకుంటే అంకె తప్పుతుంది, దారం కాస్త తట్టండి. (1940–45 రూపాయల్లో సగమే వెండి, ఈ లెక్క వాటికి కుదరదు.) వెండితోనే పోసిన నకిలీలూ ఉంటాయి గనక ముద్ర, అంచు గీతలు భూతద్దంతో చూడాల్సిందే.

చింతపండుతో తోమారా, ధర పడిపోయినట్టే. నెల్లూరు, ఒంగోలు ఉప్పుగాలికి పీవీసీ కవర్లు అసలొద్దు, ఆకుపచ్చ జిగురు పడుతుంది; మైలార్ (పాలిస్టర్ ఫిల్ము) కవరు, సిలికా జెల్ పొట్లం చాలు.