అన్నే ఫ్రాంక్ డైరీ చదివిన విద్యార్థి స్పందన ఎలా రాయాలి?

అన్నే ఫ్రాంక్ డైరీపై స్పందన రాయమంటే చాలామంది విద్యార్థులు కథంతా చెప్పి, యుద్ధం మంచిది కాదని ముగిస్తారు. కథ ఉపాధ్యాయులకు తెలిసిందే. చదువుతున్నప్పుడు మీరు ఎక్కడ ఆగిపోయారో, ఎందుకు ఆగిపోయారో వారికి కావాలి. అందుకని నేపథ్యాన్ని క్లుప్తంగా తేల్చేయండి. 1942 జూన్ 12న, తన పదమూడో పుట్టినరోజున డైరీ అందుకున్న ఆ యూదు బాలిక, అక్క మార్గోకు నాజీల నుంచి తాఖీదు రావడంతో, జులై 6న ఆమ్‌స్టర్‌డామ్‌లో తండ్రి కార్యాలయం వెనుక భాగంలో కుటుంబంతో సహా తలదాచుకుంది. అక్కడ దాగిన ఎనిమిది మందినీ 1944 ఆగస్టు 4న పట్టుకుపోయారు. అన్నే 1945 తొలి నెలల్లో బెర్గెన్-బెల్సెన్ నాజీ నిర్బంధ శిబిరంలో మరణించింది. ఆ ఎనిమిది మందిలో బతికి బయటపడింది తండ్రి ఒట్టో ఒక్కరే.

ఆ తరువాత పుస్తకమంతటినీ పట్టుకోకుండా, ఏదో ఒక తేదీని ఎంచుకోండి. 1943 జులై 13 నాటి పుటలు నాకు మంచి ఉదాహరణగా తోస్తాయి. తనతో గది పంచుకుంటున్న పెద్దమనిషిని, వారానికి రెండు మధ్యాహ్నాలు నాలుగు నుంచి ఐదున్నర దాకా బల్ల తనకు ఇమ్మని అన్నే ఎంతో మర్యాదగా అడుగుతుంది, ఆయన కుదరదంటాడు, చివరికి తండ్రి కల్పించుకోవలసి వస్తుంది. బయట ప్రాణభయం, లోపల బల్ల కోసం తగవు. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎలా ఇమిడాయో, ఆమె కోపం మీకు న్యాయంగా తోచిందో లేదో రాస్తే అది మీ స్పందన అవుతుంది. ఆమెను దేవతను చేయనక్కరలేదు. తల్లి గురించి ఆమె రాసిన కటువైన మాటలు మిమ్మల్ని ఇబ్బంది పెట్టి ఉంటే ఆ సంగతీ దాచకండి.

రాస్తున్న వేళ ఆమెకు ఏం తెలుసో, చదువుతున్న మీకు ఏం తెలుసో వేరు చేసి చూడండి. మనుషుల మంచితనంపై నమ్మకం చెప్పే ఆ ప్రసిద్ధ వాక్యాన్ని దాదాపు ప్రతి వ్యాసమూ ఎత్తి రాస్తుంది. అది 1944 జులై 15న, అరెస్టుకు మూడు వారాల ముందు రాసినది. శిబిరాన్ని చూశాక చెప్పిన మాట కాదు. పైగా అదే చోట, తమనూ కబళించబోయే ఉరుము దగ్గరవుతోందనీ ఆమె అంటుంది. ఒక సగం తీసుకుని రెండో సగం వదిలేయడం సరికాదు.

ఆమె అమాయకంగా మనసులో మాట కుమ్మరించిందని రాసేముందు మరొకటి గమనించండి. 1944 మార్చి 28న లండన్ నుంచి ప్రసారమైన రేడియోలో, యుద్ధకాలపు డైరీలను, ఉత్తరాలను భద్రపరచాలని ఒక డచ్ మంత్రి కోరడం విన్నాక, ఆ వసంతంలోనే ఆమె తన డైరీని పుస్తకంగా అచ్చువేయించే ఉద్దేశంతో తిరగరాయడం మొదలుపెట్టింది. కనుక ఫలానా సంగతిని ఎందుకు ఉంచింది, ఇంత వివరంగా ఎందుకు చెప్పింది అని ఒక రచయితను అడిగినట్టే ఆమెనూ అడగవచ్చు.

సొంత అనుభవంతో పోల్చాలనిపిస్తే జాగ్రత్త వహించండి. లాక్‌డౌన్‌లో మనమూ ఇంట్లోనే ఉన్నాం కదా అని రాసేస్తారు. కానీ కింద పనివాళ్ళు ఉన్నంతసేపూ చప్పుడు కాకుండా, నీళ్ళ కుళాయి తిప్పడానికి కూడా భయపడుతూ గడపడం వేరు. పోలిక ఎక్కడ తెగిపోతుందో కూడా చెప్పగలిగితేనే వాడండి.

ఉటంకించిన ప్రతిచోటా తేదీ వేయండి. డైరీలోని వాన్ డాన్, డుసెల్ అన్నవి ఆ కుటుంబంతో పాటు దాగినవారికి అన్నే పెట్టిన మారుపేర్లు; అసలు పేర్లు వాన్ పెల్స్, ఫెఫర్. వ్యాసంలో ఏ పేర్లు వాడినా మొదటి నుంచి చివరి దాకా వాటినే వాడండి.