నమాజు అనే మాట పుట్టుకను వెతకడం ఎలా

ముస్లింల ప్రార్థనను తెలుగులో నమాజు అంటాం. ఇది అరబ్బీ మాట అని కొందరూ, సంస్కృతంలోని నమస్సు నుంచి పుట్టిందని మరికొందరూ చెబుతూ ఉంటారు. రెండూ సరి కావు. సరైన సమాధానాన్ని ఎవరికి వారే నిఘంటువుల సాయంతో రాబట్టవచ్చు. ఇతర అరువు మాటలకూ ఈ పద్ధతే పనికివస్తుంది.

మొదట తెలుగు చేర్చిన భాగాన్ని తీసివేయాలి. హల్లుతో ముగిసే పరభాషా పదానికి తెలుగు చివర ఉకారం చేరుస్తుంది కాబట్టి బజార్ బజారైంది, రోజ్ రోజైంది. ఆ ఉకారం పోతే మిగిలేది నమాజ్.

తరువాత ఆ మాట మనకు ఏ భాష నుంచి అందిందో చూడాలి. ఇందుకు జాన్ ప్లాట్స్ అనే ఆంగ్ల పండితుడు 1884లో ప్రచురించిన ఉర్దూ నిఘంటువు ఉత్తమం. షికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా నిఘంటువుల సైటులో ఉచితంగా దొరుకుతుంది. అందులో ప్రతి పదం పక్కన అది పారసీకమో (ఇరాన్ భాష ఫార్సీ), అరబ్బీయో, సంస్కృతమో తెలిపే అక్షరం ఉంటుంది. నమాజ్ పారసీక పదం. ఖురాన్‌లో ఈ ఆరాధనకు ఉన్న పేరు సలాత్. ఫజర్, జొహర్, అసర్, మగ్రిబ్, ఇషా అనే వేళల పేర్లు అరబ్బీవి కాగా, ఆరాధన పేరు మాత్రం పారసీకం కావడం గమనించదగినది. ఇరాన్ ప్రజలు ఇస్లాంను స్వీకరించినప్పుడు సలాత్‌కు తమ భాషలో అప్పటికే ఉన్న మాటను వాడుకున్నారు, పారసీకం ప్రభావం ఉన్న తుర్కీ, ఉర్దూ వంటి భాషలు ఆ మాటనే తీసుకున్నాయి.

మూడవ పని పాత అర్థాన్ని పట్టుకోవడం. ఇరాన్‌ను ఏలిన ససానియన్ రాజుల కాలపు (224–651) మధ్య పారసీకంలో ‘నమాజ్ బుర్దన్’ అంటే రాజు ముందు గానీ పెద్దల ముందు గానీ వంగి గౌరవం చూపడం. పారసీక కవి ఫిరదౌసి రాసిన షానామా కావ్యంలోనూ ఈ ప్రయోగం ఉంది. అంటే ఇస్లాం కంటే ముందునుంచీ ఉన్న మాట ఇది.

ఇక సంస్కృతంతో పోలిక. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే కనుక నిదానంగా చూడాలి. నమస్, నమాజ్ పక్కపక్కన పెట్టగానే ఒకటే అనిపిస్తాయి. కానీ అచ్చుల నడుమ, అచ్చు ముందు సంస్కృతంలో సకారం ఉన్నచోట ఇరానీ భాషల్లో సాధారణంగా హకారం వస్తుంది: సప్తకు హఫ్త్, సింధుకు హిందు, అసురకు అహుర. ఆ నియమం ప్రకారమే నమస్‌కు ప్రాచీన ఇరానీ భాష అయిన అవెస్తా భాషలో సాటి రూపం నెమహ్. కాబట్టి నమాజ్ చివరి జకారం నమస్‌లోని సకారం కాదు. అది పాత చకారం: మధ్య పారసీకపు రాతలో ఈ మాట చివర చకారమే కనిపిస్తుంది, అదే క్రమంగా జకారంగా మారింది. మన రోజు అనే మాటలోని జకారమూ అలా వచ్చిందే. ప్రకాశించడం అనే అర్థంలోని సంస్కృత రుచ్ ధాతువు దానికి బంధువు. అందువల్ల నమస్, నమాజ్ తల్లీబిడ్డలు కావు. వంగడం అనే అర్థంగల నమ్ ధాతువు నుంచి రెండు శాఖల్లో విడివిడిగా ఎదిగిన దాయాదులు. నా దృష్టిలో ఒకదాని నుంచి మరొకటి పుట్టిందనే కథ కంటే ఈ బంధుత్వమే లోతైనది.

చివరగా నేటి వాడుకను పరిశీలించాలి. నమాజు నిర్ణీత వేళల్లో, నిర్ణీత క్రమంలో చేసే ఆరాధన. పిలవడమనే అర్థంగల అరబ్బీ ధాతువు నుంచి వచ్చిన దువా దేవుణ్ణి వేడుకోవడం. అనువాదంలో రెంటికీ ప్రార్థన అని రాస్తే ఈ తేడా చెరిగిపోతుంది, కాబట్టి ఆ రెండు మాటలనూ అలాగే ఉంచడం మేలు. క్రియ విషయంలో ‘నమాజు చేయడం’, ‘నమాజు చదవడం’ రెండూ తెలుగులో ఉన్నాయి. రెండవది ఉర్దూలోని ‘నమాజ్ పఢ్‌నా’ను అనుసరించిన ప్రయోగం.