పిల్లల చేతిలో ఫోన్ – మూడో పాఠం: మీ ఫోన్ ఇచ్చేటప్పుడు ఒక్క యాప్ మాత్రమే ఇవ్వడం

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాం. ఇంట్లో పిల్లలు ముట్టుకునే ఫోన్లన్నీ ఒక కాగితం మీద రాయమన్నాం. మీ జాబితాలో పిల్లల సొంత ఫోన్ లేకపోతే ఈ పాఠం మీకోసమే. ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలు ఎక్కువగా చూసేది అమ్మ ఫోన్. సాయంత్రం నాన్న ఫోన్, సెలవుల్లో అమ్మమ్మ ఫోన్. అందులోనే ఫోన్‌పే ఉంటుంది, బ్యాంకు మెసేజ్‌లు ఉంటాయి, బంధువుల గ్రూపుల్లో ఎవరెవరో పంపిన వీడియోలూ ఉంటాయి. పిల్లల భద్రత గురించి చెప్పే సలహాలు చాలావరకు వాళ్లకు విడిగా ట్యాబ్ ఉందనుకుని చెప్పేవి. పిల్లల ఫోన్‌ను తల్లిదండ్రులు తమ ఫోన్ నుంచే అదుపు చేసే గూగుల్ ఫ్యామిలీ లింక్ లాంటివి అలాంటి ఇళ్లకు బాగా పనికొస్తాయి. వాటి సంగతి ఐదో పాఠంలో చూద్దాం.

ఈ రోజు నేర్చుకునేది యాప్‌ను పిన్ చేయడం, అంటే పిల్లలు ఆ ఒక్క యాప్ దాటి బయటకు పోకుండా ఫోన్‌ను కట్టేయడం. ఆండ్రాయిడ్ ఫోన్లో సెట్టింగ్స్ తెరిచి, పైన వెతికే గడిలో ‘పిన్’ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. యాప్ పిన్నింగ్ అనో, స్క్రీన్ పిన్నింగ్ అనో కనిపిస్తుంది. కంపెనీని బట్టి పేరు కొంచెం మారుతుంది. దాన్ని ఆన్ చేసి, కిందే ఉండే ‘అన్‌పిన్ చేసే ముందు పిన్ అడగాలి’ అన్నదీ ఆన్ చేయండి (ఇక్కడ అడిగే పిన్ అంటే మీ ఫోన్ తాళం తీసే అంకెలు). చాలామంది ఈ రెండోది వదిలేస్తారు. అది లేకపోతే మొదటిది పెట్టినా పెట్టనట్టే. ఇక పిల్లలకు ఇవ్వాల్సిన యాప్ తెరవండి. ఈమధ్య వాడిన యాప్‌లన్నీ వరుసగా కనిపించే తెరకు వెళ్లి, ఆ యాప్ బొమ్మను నొక్కి ‘పిన్’ ఎంచుకోండి. ఐఫోన్‌లో ఈ పనికి గైడెడ్ యాక్సెస్ ఉంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఆన్ చేసి, యాప్ తెరిచాక పక్క బటన్‌ను మూడుసార్లు నొక్కాలి. పాత మోడళ్లలో అయితే హోమ్ బటన్.

పిన్ చేసిన యాప్ ఒక్కోసారి ఇంకో యాప్‌ను తెరవగలదని ఆండ్రాయిడే హెచ్చరిస్తుంది. అందుకని మొదటి రోజు పక్కనే కూర్చుని చూడండి. ఇంకో సంగతి. నాన్న నిద్రపోతుంటే వేలు తీసి ఫోన్‌కు ఆనించే పిల్లలు ఉన్నారు. నవ్వు వస్తుంది కానీ, పిన్ తీయడానికి వేలిముద్ర కాకుండా అంకెలు పెట్టుకోవడమే మేలు.

ఏ యాప్ ఇవ్వాలి? వీడియోలకైతే యూట్యూబ్ కిడ్స్. అందులో నాలుగేళ్లలోపు, 5–8, 9–12 అని మూడు వయసు విభాగాలు ఉన్నాయి. వీటికంటే గట్టిది ఇంకొకటి ఉంది. మీరు ఆమోదించిన ఛానళ్లూ వీడియోలూ మాత్రమే కనిపించేలా పెట్టుకోవచ్చు, అప్పుడు పిల్లలు ఏదీ వెతకలేరు. ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలకు నేనైతే ఇదే పెట్టమంటాను. మొదట ఒక అరగంట పని ఉంటుంది, అంతే. మరి ఆ యాప్‌లో పెద్దల సెట్టింగ్స్‌కు తాళం ఏమిటి? ఒక గుణకారం లెక్క! మూడో తరగతిలో ఎక్కాలు బాగా వచ్చిన పిల్లకు అది తాళమే కాదు. అక్కడే మీ సొంత పాస్‌కోడ్ పెట్టుకునే వీలుంది, పెట్టుకోండి.

ఆటలకు సంబంధించి ఒక్కటి చేయండి చాలు. ప్లే స్టోర్‌లో మీ ఫోటో నొక్కి, సెట్టింగ్స్‌లో కొనుగోళ్లకు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా మార్చండి. కిరాణా కొట్లో యూపీఐ పిన్ కొట్టేటప్పుడు పక్కన పిల్లలు ఉంటే చెయ్యి అడ్డం పెట్టుకోండి. వాళ్లకు ఆ అంకెలు ఇట్టే నోటికొస్తాయి.

ఇప్పుడు అసలు కష్టమైన భాగం. ఎన్ని తాళాలు వేసినా ఏదో ఒక రోజు తెర మీదకు రాకూడనిది వస్తుంది. అప్పుడు పిల్లవాడు ఫోన్ పట్టుకుని మీ దగ్గరకు వస్తాడా, గబుక్కున మూసేసి ఊరుకుంటాడా అన్నది మీరు అంతకుముందు చేసిన సాధనను బట్టి ఉంటుంది. ఇలా చెప్పి ఉంచండి: “నాన్నా, భయం వేసేది కనిపించినా, అర్థం కానిది వచ్చినా, ‘ఎవరికీ చెప్పకు’ అని ఎవరైనా అన్నా, ఫోన్ అలాగే పట్టుకొచ్చి చూపించు. తిట్టను.” చెప్పడం తేలికే. నిజంగా తెచ్చిన రోజు మన నోటి నుంచి “నిన్నెవరు నొక్కమన్నారు?” అని వచ్చేస్తుంది. దాని బదులు “చూపించావు, మంచి పని చేశావు. ఏం నొక్కితే వచ్చింది?” అనడం అలవాటు కావాలి. ఆ రోజుకు ఫోన్ లాక్కోవద్దు కూడా. చూపిస్తే ఫోన్ పోతుందని పిల్లలకు ఒక్కసారి అర్థమైతే రెండోసారి చూపించరు. నాన్న, అమ్మమ్మ, తాతయ్య కూడా ఇదే మాట అనాలి.

బడి సంగతి. వాట్సాప్‌కు కనీస వయసు 13 ఏళ్లు. కాబట్టి క్లాస్ గ్రూప్ తల్లిదండ్రులదే, హోంవర్క్ చూపించడం వరకే పిల్లలకు ఇవ్వండి. టీచర్లకు ఒక సూచన: మామూలు గ్రూప్‌లో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. వాట్సాప్ కమ్యూనిటీలోని అనౌన్స్‌మెంట్ గ్రూప్‌లో సభ్యుల నంబర్లు అలా బయటపడవు. పుట్టినరోజు ఫోటోలో బడి పేరున్న బ్యాడ్జీ, కింద పిల్ల పేరు, సెక్షన్ అన్నీ కలిపి పెట్టకండి, ఆ ఫోటో ఎవరి స్టేటస్‌లోకి వెళ్తుందో మీ చేతిలో ఉండదు. స్మార్ట్ టీవీ ఉన్న తరగతుల్లో యూట్యూబ్ పాఠం వేసే ముందు ఆటోప్లే తీసేసి, వీడియో చివరిదాకా ముందే చూసి ఉంచుకోండి.

ఎవరైనా పిల్లలను ఫోటోలు అడిగినా, బెదిరించినా ఆ మెసేజ్‌లు చెరిపేయకండి. అవతలి ఖాతా పేరు, నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుని పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పిల్లల అశ్లీల చిత్రాల గురించి అయితే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఈ వారం సాధన: మీ ఫోన్లో ఒక యాప్‌ను పిన్ చేసి పిల్లల చేతికివ్వండి. “బయటకు రాగలవేమో చూడు” అని పందెం కట్టండి. ఎక్కడ నుంచి బయటపడ్డారో రాసుకోండి. తర్వాత అదే పని అమ్మమ్మ ఫోన్లో చేయండి. నాలుగో పాఠం ఆటల్లో వచ్చే చాట్ గురించి, అక్కడ పలకరించే కొత్తవాళ్ల గురించి. పిల్లలు ఆడే ఆటల పేర్లు అప్పటికి రాసి ఉంచుకోండి.