లీఫ్‌లో టైర్ ప్రెజర్ దీపం ఆరడం లేదా? సెన్సర్లు కొనే ముందు యూఎస్‌బీ ఛార్జర్ పీకి చూడండి

అమెరికాలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 2011-2017 నిస్సాన్ లీఫ్‌ల గురించి ఇది. మిగతా పాత ఎలక్ట్రిక్ కార్లకూ చాలావరకు వర్తిస్తుంది.

దీపం మిణుకుమనకుండా నిలకడగా వెలుగుతోంది

గాలి తగ్గింది, అంతే. టైర్ లోపల ప్రెజర్ కొలిచే సెన్సర్ బాగానే ఉంది కాబట్టే మీకు చెబుతోంది. కారు చల్లగా ఉన్నప్పుడు, అంటే తెల్లారి నడపకముందు, గేజ్ పెట్టి నాలుగు టైర్లూ చూసి 36 పీఎస్ఐకి (గాలి ఒత్తిడి కొలత) నింపండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారన్‌హీట్ పడిపోతే దాదాపు ఒక పీఎస్ఐ పోతుంది. నవంబర్‌లో ఈ దీపం వెలగడానికి సగం కారణం అదే. నింపాక గంటకు 16 మైళ్లు దాటి నడిపితేనే ఆరుతుంది, ఇంటిముందు నిలబెట్టి చూస్తే ఆరదు.

స్టార్ట్ చేయగానే ఓ నిమిషం మిణుకుమని, తర్వాత నిలకడగా వెలుగుతోంది

కారుకు సెన్సర్ మాట వినపడటం లేదని దీని అర్థం. సెన్సర్ చచ్చిపోయిందని మాత్రం కాదు. జనం ఈ తేడా చూడకుండానే నాలుగు సెన్సర్లు ఆర్డర్ పెట్టేస్తారు.

ముందు చేయాల్సింది ఒక్కటే. టీపీఎంఎస్ (టైర్ ప్రెజర్ చూసే వ్యవస్థ) టూల్‌ని ఒక్కో వాల్వ్ దగ్గర పెట్టి సెన్సర్‌ని లేపండి. టూల్ లేకపోతే ఏ టైర్ షాపులోనైనా ఉంటుంది, రెండు నిమిషాల పని. పలకని సెన్సర్‌లో బ్యాటరీ అయిపోయినట్టే. అది లోపల సీల్ చేసి ఉంటుంది, మార్చలేం. ఏడు నుంచి పదేళ్లు దాని ఆయుష్షు, కాబట్టి ఒకటి పోతే మిగతా మూడూ దారిలో ఉన్నట్టే. చలి ఉదయం మిణుకుమని మధ్యాహ్నానికి సర్దుకుంటుంటే, అది బ్యాటరీ చివరి రోజుల లక్షణం.

టూల్‌కి నాలుగూ పలుకుతున్నాయి, కారుకు మాత్రం వినపడవు

డబ్బులు వృథా అయ్యేది ఇక్కడే. అమెరికా లీఫ్ సెన్సర్లు 315 మెగాహెర్ట్జ్‌లో చాలా బలహీనమైన సిగ్నల్ పంపుతాయి. 12 వోల్ట్ సాకెట్‌లో పెట్టిన చవక యూఎస్‌బీ ఛార్జర్, డాష్‌క్యామ్ అడాప్టర్, తర్వాత వేయించుకున్న ఎల్‌ఈడీ హెడ్‌లైట్ బల్బులు, ఇన్వర్టర్: వీటిలో వోల్టేజ్ మార్చే సర్క్యూట్ రేడియో రొద చేస్తుంది. ఆ రొదలో కారులోని రిసీవర్‌కు సెన్సర్ గొంతు వినపడదు. టూల్ వాల్వ్ పక్కనే ఉంటుంది కాబట్టి దానికి బాగానే వినపడుతుంది. అందుకే షాపువాడు "సెన్సర్లు ఓకే సార్, రిసీవర్ పోయింది" అంటాడు.

పోల్చుకోవడం తేలికే. సెన్సర్ పోతే ఎప్పుడూ అదే చక్రం. రొద అయితే ఓ రోజు ఒకటి, ఇంకో రోజు మూడు, లేదా నాలుగూ ఒక్కసారే మాయం. రాత్రిపూట, హెడ్‌లైట్లు వేసినప్పుడే వస్తుంటే బల్బుల్ని అనుమానించండి. ఫోన్‌లో లీఫ్ స్పై ప్రో యాప్ ఉంటే కారుకు ఏ టైర్ ప్రెజర్ అందుతోందో అందులో తెలుస్తుంది.

పరీక్ష ఇలా: సాకెట్‌లో ఉన్నవన్నీ పీకేయండి. కెమెరా ఆపితే చాలదు, రొద చేసేది దాని అడాప్టర్. ఫ్యూజ్ బాక్స్ నుంచి తీగ లాగిన డాష్‌క్యామ్ కిట్‌ని జనం ఎప్పుడూ మర్చిపోతారు, దాని ఫ్యూజ్ కూడా తీయాలి. పగలు, లైట్లు వేయకుండా ఇరవై నిమిషాలు నడపండి. కారు ఆపి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు మిణుకు లేకపోతే దొంగ దొరికినట్టే. ఒక్కొక్కటే తిరిగి పెట్టుకుంటూ వెళ్తే ఏదో తేలుతుంది. దాన్ని మార్చేయండి. తీగకు రొద తగ్గించే ఫెరైట్ క్లిప్ వేస్తే కొన్నిసార్లు సరిపోతుంది, చవక ఛార్జర్‌కు మాత్రం చాలదు.

నిజంగానే సెన్సర్ మార్చాలంటే

315 మెగాహెర్ట్జ్‌వే కొనండి. యూరప్ లీఫ్‌కి 433, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. నాలుగూ ఒకేసారి, కొత్త టైర్లు వేయించుకునేటప్పుడే మార్చుకుంటే కూలీ కలిసొస్తుంది. బిగించే ముందు సెన్సర్ మీది ఐడీ నంబర్లను ఫొటో తీసి, ఏది ఏ చక్రానికో రాసుకోండి. టైర్ లోపలికి వెళ్లాక ఆ నంబర్ కంటికి కనపడదు. టైర్ అంచును రిమ్ నుంచి విడగొట్టే పార వాల్వ్‌కి ఎదురువైపు ఉండాలని షాపువాడికి ముందే చెప్పండి. వాల్వ్ పక్కన దింపితే కొత్త సెన్సర్ అక్కడికక్కడే విరుగుతుంది. నట్టు బిగింపు ఇంచ్-పౌండ్లలో, సెన్సర్ పెట్టె మీద ఉన్నంతే. అల్యూమినియం వాల్వ్‌లో నికెల్ పూత ఉన్న కోరే (గాలిని ఆపే లోపలి పిన్ను) వేయాలి. మామూలు ఇత్తడి కోర్ రోడ్డు మీది ఉప్పుకు వాల్వ్‌లో అతుక్కుపోతుంది, తీయబోతే వాల్వే తెగుతుంది. మూత ప్లాస్టిక్‌దే చాలు, మెరిసే లోహపు మూతలు వద్దు.

తర్వాత ఐడీలు కారుకు నేర్పాలి, లీఫ్ తనంతట తాను నేర్చుకోదు. ఓబీడీకి (కారు లోపాలు చదివే సాకెట్) కలిసే టూల్‌తో కొత్త ఐడీలు రాయించండి. లేదా పాత సెన్సర్ ఇంకా పలుకుతుంటే, దాని ఐడీనే ప్రోగ్రామబుల్ సెన్సర్‌లోకి కాపీ చేయిస్తే కారును ముట్టుకోనక్కర్లేదు.

రిసీవర్ పోవడం, వైరింగ్ తెగడం అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి. 12 వోల్ట్ బ్యాటరీ నీరసించినా ఈ దీపం రావచ్చు గానీ, అప్పుడు ఇదొక్కటే కాదు, డాష్‌బోర్డు నిండా దీపాలే.