సీబీఆర్ 250ఆర్ హెడ్‌లైట్ బల్బు మార్చడం: హెచ్4 బల్బు సరిగ్గా కూర్చోవాలంటే

హోండా సీబీఆర్ 250ఆర్ మోటార్‌సైకిల్ మన దేశంలో 2011లో అమ్మకానికొచ్చింది. 2018 మోడల్‌తో ఎల్‌ఈడీ హెడ్‌లైట్ వచ్చేదాకా ఈ బళ్లకి ముందువైపు ఒకే ఒక్క హెచ్4 హాలోజన్ బల్బు: 12 వోల్టులు, 60/55 వాట్లు. ఎల్‌ఈడీ మోడల్లో విడిగా మార్చే బల్బు ఉండదు కాబట్టి ఇక్కడ చెప్పేదంతా హాలోజన్ బళ్ల గురించే. హెచ్4 బల్బు వాడే, ఫెయిరింగ్ (ముందువైపు ప్లాస్టిక్ తొడుగు) ఉన్న వేరే బళ్లకీ పని ఇదే, చేయి దూర్చే దారి ఒక్కటే మారుతుంది.

బల్బు మార్చడం పావుగంట పని. అయితే కొత్త బల్బు నెల తిరక్కుండానే మాడిపోయిందన్నా, లైటు చెట్ల కొమ్మల మీద పడుతోందన్నా కారణం బల్బు నాణ్యత కాకపోవచ్చు. అది హోల్డర్‌లో సరిగ్గా కూర్చోకపోవడమో, బల్బు వెనక వైర్లు తగిలించే కప్లర్ వదులవడమో అయ్యుంటుంది. అందుకే ఆ రెండిటి గురించీ ఎక్కువ చెప్పాల్సి వస్తోంది.

ముందు, పోయింది బల్బేనా?

హెచ్4 బల్బు లోపల రెండు ఫిలమెంట్లుంటాయి. 55 వాట్లది డిమ్‌కి, 60 వాట్లది హైబీమ్‌కి. ఒకటి వెలుగుతూ రెండోది వెలగకపోతే చాలావరకు ఆ ఫిలమెంట్ తెగినట్టే. డిమ్ పోయింది కదాని హైబీమ్ మీదే రోజులు నెట్టకండి. ఎదురొచ్చే మనిషికి మీ లైటు తప్ప రోడ్డు కనపడదు.

రెండూ ఒకేసారి పోతే మాత్రం బల్బు కొనడానికి పరుగెత్తొద్దు. రెండు ఫిలమెంట్లూ ఒకే రోజు తెగడం అరుదు. ముందు ఫ్యూజు బాక్సు తెరిచి హెడ్‌లైట్ ఫ్యూజు చూడండి. ఏ ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో మూత మీదే ఉంటుంది. పోయినదాని స్థానంలో అదే ఆంపియర్లది పెట్టండి. అదీ వెంటనే పోతే ఎక్కడో వైరు చర్మం ఊడి బాడీకి తగులుతోందని అర్థం. అక్కడ సిగరెట్ రేకో రాగి తీగో చుట్టి నడిపితే కాలేది ఫ్యూజు కాదు, వైరింగ్ మొత్తం.

ఫ్యూజు బాగుంటే మల్టీమీటర్ తీసి 20 వోల్టుల డీసీలో పెట్టండి. బల్బు వెనక కప్లర్ ఊడదీసి, నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్‌కి ఆనించి, ఎర్ర ప్రోబ్‌తో కప్లర్‌లోని మూడు టెర్మినళ్లనీ ఒక్కొక్కటిగా తాకండి. లైటు ఆన్ చేసి డిమ్‌లో పెడితే ఒకదానిలో 12 వోల్టుల దగ్గర రావాలి, హైబీమ్‌కి మారిస్తే ఇంకొకదానిలో రావాలి. మూడోది ఎర్త్. దానికీ బాడీకీ మధ్య కరెంటు పోయే దారి తెగకుండా (కంటిన్యుటీ) ఉండాలి. ఈ మూడూ సరిగ్గా ఉంటే తప్పు బల్బుదే. ఒక్కటి లేకపోయినా కొత్త బల్బు వెలగదు.

ఏ బల్బు కొనాలి

హెచ్4, 12 వోల్టులు, 60/55 వాట్లు. అంతే. ఫిలిప్స్, ఓస్రామ్ లాంటి తెలిసిన కంపెనీల మామూలు బల్బు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. లోహపు అంచు మీద హెచ్4 అనీ, వోల్టులూ వాట్లూ, వృత్తంలో ఇంగ్లిష్ ‘E’ అక్షరం, పక్కన ఒక అంకె ముద్రించి ఉన్నాయేమో చూడండి. ఆ వృత్తం గుర్తు ప్రమాణాల ప్రకారం పరీక్షకి నిలిచిందని చెబుతుంది. ఫుట్‌పాత్ మీద దొరికే చవక బల్బుల్లో ఫిలమెంట్ ఉండాల్సిన చోటికి మిల్లీమీటరు అటో ఇటో ఉంటుంది. వెలుగుని ముందుకి మళ్లించే రిఫ్లెక్టర్ లెక్కంతా ఆ చోటు మీదే ఆధారపడింది కాబట్టి వెలుగు చెదిరిపోతుంది.

హెచ్‌ఎస్1 అనే బల్బు కూడా చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది. అది 35/35 వాట్లది, చిన్న బళ్ల కోసం చేసింది. దాని అంచు మీది చెవుల కొలత వేరు. చెవులు ఆకురాయితో అరగదీసి చిన్న బండిలో హెచ్4 ఎక్కించేవాళ్లున్నారు. రెట్టింపుకి దగ్గరగా కరెంటు లాగే ఆ బల్బుని అక్కడి వైరింగూ, ప్లాస్టిక్ రిఫ్లెక్టరూ తట్టుకోలేవు.

100/90 వాట్ల బల్బుల విషయమూ అంతే. 60 వాట్ల ఫిలమెంట్ 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు తీసుకుంటుంది. 100 వాట్లది 8 దాటుతుంది. స్విచ్చులో పాయింట్లు మాడతాయి, కప్లర్ కరుగుతుంది, రిఫ్లెక్టర్ పూత మసకబారుతుంది. ఒకసారి పూత పోతే ఎంత మంచి బల్బు పెట్టినా వెలుగు తిరిగి రాదు, హెడ్‌లైట్ మొత్తం మార్చాల్సిందే. నీలం పూత బల్బులు తెల్లగా కనిపిస్తాయి గానీ ఆ పూత కొంత వెలుగుని మింగేస్తుంది. వానలో, పొగమంచులో తేడా తెలిసిపోతుంది. ఇక హెచ్4 హోల్డర్‌లో దూర్చే ఎల్‌ఈడీలు హాలోజన్ రిఫ్లెక్టర్‌కి చేసినవి కావు. డిమ్‌లో పెట్టినా ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. పైగా వెనక ఫ్యాన్ ఉండటంతో రబ్బరు మూత పట్టక లోపలికి నీళ్లు దిగుతాయి.

విప్పడం

ఇగ్నిషన్ కీ తీసేయండి. 2017 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బళ్లలో ఇంజిన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది, ఆపే స్విచ్ లేదు. అందుకే కీ తీయడమే ఖాయమైన పద్ధతి. బండి ఇప్పుడే నడిపి వచ్చుంటే అరగంట ఆగండి. హాలోజన్ గాజు వెలుగుతున్నప్పుడు 250 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, చర్మం అంటుకుపోతుంది. బండిని ప్యాడాక్ స్టాండ్ (వెనక చక్రాన్ని లేపి నిటారుగా నిలిపే స్టాండ్) మీద నిలబెడితే హ్యాండిల్ రెండు పక్కలకీ తిప్పుకోవచ్చు.

చేయి సన్నగా ఉంటే ఫెయిరింగ్ ముట్టుకోకుండానే మీటర్ కిందినుంచి, ఫోర్కుల పక్కనుంచి హెడ్‌లైట్ వెనక్కి చేరుకోవచ్చు. హ్యాండిల్ ఒక పక్కకి పూర్తిగా తిప్పితే ఇంకాస్త చోటు దొరుకుతుంది. ఉంగరాలూ వాచీ తీసేయండి. చేత్తో తడిమే పని కాబట్టి మొదట మొబైల్‌తో వెనకవైపు ఫొటో తీసుకుంటే క్లిప్పు ఎటు ఉందో, రబ్బరు మూత ఎటు తిరిగుందో తెలుస్తుంది.

చేయి దూరకపోతే లోపలి ప్యానెల్ విప్పాలి. 4, 5 మిల్లీమీటర్ల అలెన్ కీలు, ఒక స్టార్ స్క్రూడ్రైవర్ సాధారణంగా సరిపోతాయి. ఫెయిరింగ్‌కి ప్లాస్టిక్ పుష్ క్లిప్పులు ఉంటాయి. వాటి మధ్యలోని పిన్నుని లోపలికి కొద్దిగా నొక్కితే క్లిప్పు వదులవుతుంది, అప్పుడు మొత్తం బయటికి లాగాలి. స్క్రూడ్రైవర్‌తో అంచు పట్టి పెకిలిస్తే విరుగుతాయి. తిరిగి పెట్టేటప్పుడు పిన్నుని ముందు బయటికి లాగి, క్లిప్పుని రంధ్రంలో దించి, తర్వాత పిన్నుని సమంగా నొక్కాలి. ప్యానెల్ లోపలి చెవులు రబ్బరు గ్రోమెట్లలో (రంధ్రానికి తొడిగిన రబ్బరు వలయాల్లో) దూరి ఉంటాయి. వాటిని నేరుగా లాగాలి గానీ వంచకూడదు. కొత్త ప్యానెల్ ధర తెలిస్తే ఈ ఒక్క మాట ఎవరూ మర్చిపోరు. విండ్‌స్క్రీన్ కూడా తీయాల్సొస్తే, దాని బోల్టులు బిగించేటప్పుడు ఆనగానే ఆపేయండి. రబ్బరు నట్టు లోపలి ఇత్తడి ముక్క గిరగిరా తిరగడం మొదలైతే ఇక ఆ బోల్టు ఊడదు.

ఇప్పుడు అసలు పని. మూడు పిన్నుల కప్లర్‌ని నేరుగా వెనక్కి లాగండి. తిప్పొద్దు, వైర్లు పట్టుకుని లాగొద్దు. బిగుసుకుని ఉంటే రెండు పక్కలా కొద్దికొద్దిగా ఊపుతూ లాగితే వస్తుంది. తర్వాత రబ్బరు మూతని దాని చెవులు పట్టి ఊడదీయండి. లోపల తీగ స్ప్రింగ్ క్లిప్పు కనిపిస్తుంది. దాని కొసని నొక్కి, కొక్కెం నుంచి తప్పించి, పక్కకి మడవండి. బల్బు దానంతటదే కాస్త వెనక్కొస్తుంది. లోహపు అంచు పట్టి నేరుగా బయటికి తీయండి.

హెడ్‌లైట్ లోపల దుమ్ము కనిపించినా గుడ్డతో తుడవకండి. రిఫ్లెక్టర్ పూత గోరు తగిలినా గీత పడుతుంది. రంధ్రం ఎక్కువసేపు తెరిచి ఉంచకుండా కొత్త బల్బు పక్కనే సిద్ధంగా పెట్టుకోండి.

పెట్టడం

కొత్త బల్బు గాజుని వేళ్లతో తాకొద్దు. చేతి జిడ్డు అంటిన చోట గాజు మిగతా భాగంకన్నా ఎక్కువ వేడెక్కి, బొబ్బలా ఉబ్బి పగులుతుంది. పొరపాటున తాకితే మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రమైన గుడ్డ తడిపి తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి.

హెచ్4 అంచుకి మూడు చెవులుంటాయి. వాటిలో ఒకటి మిగతా రెండిటికన్నా వెడల్పు, అది పైకి ఉండాలి. డిమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది. కిందికి పోయే వెలుగుని అదే ఆపి, లైటు పైకి కొట్టకుండా చూస్తుంది. బల్బు ఒరిగి కూర్చుంటే ఆ గిన్నె కూడా ఒరుగుతుంది, లైటు దారి తప్పుతుంది. మూడు చెవులూ గాడుల్లో పడితే బల్బు అటూ ఇటూ తిరగదు, అంచు చుట్టూ సమంగా ఆనుతుంది. తిరుగుతోందంటే ఇంకా కూర్చోలేదన్నమాట. తీసి మళ్లీ పెట్టండి. స్ప్రింగ్ క్లిప్పు బలంతో దాన్ని కూర్చోబెట్టాలని చూడకండి. క్లిప్పు వంగితే ఇక బల్బుని పట్టి ఉంచదు, గతుకుల రోడ్డు మీద అదురుకి ఫిలమెంట్ తెగుతుంది.

క్లిప్పు కొక్కెంలో పడ్డాక రబ్బరు మూత. దాని మీద పైభాగాన్ని చూపే గుర్తు పైకి ఉండాలి. అంచంతా హెడ్‌లైట్ గాడిలోకి, మధ్య భాగం మూడు పిన్నుల మొదట్లోకి బాగా నొక్కండి. వానాకాలంలో అద్దం లోపల ఆవిరి పట్టే బళ్లలో చాలావాటికి ఈ మూతే ఒకవైపు లేచి ఉంటుంది.

కప్లర్ ఎక్కించే ముందు దాని లోపల చూడండి. ప్లాస్టిక్ గోధుమరంగుకి మారినా, కరిగినా, టెర్మినల్ నల్లబడినా దాన్ని ఉంచొద్దు. వదులైన టెర్మినల్ దగ్గర వేడి పుడుతుంది, ఆ వేడికి టెర్మినల్ ఇంకా వదులవుతుంది, చివరికి కొత్త బల్బు పిన్నులు కూడా మాడతాయి. ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో కప్లర్ స్థానంలో పెట్టే పింగాణీ హెచ్4 హోల్డర్ వైర్లతో సహా దొరుకుతుంది. రంగులు నమ్మకుండా మీటర్‌తో ఏ వైరు ఏదో చూసుకుని కలపండి. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం కాదు, టంకం వేసి హీట్ ష్రింక్ ట్యూబు (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) ఎక్కించండి. టెర్మినళ్లు బాగుండి కొంచెం చిలుం మాత్రమే ఉంటే కాంటాక్ట్ క్లీనర్ చాలు.

ప్యానెళ్లు బిగించే ముందే కీ వేసి డిమ్, హై, పాస్ స్విచ్ మూడూ చూడండి. హ్యాండిల్ రెండు చివరలకీ తిప్పి వైరు ఎక్కడా నలగడం లేదని చూసుకోండి.

లైటు ఎక్కడ పడాలి

సమతలమైన చోట, గోడకి 10 మీటర్ల దూరంలో బండిని నిలబెట్టండి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, నడిపే మనిషి సీటు మీద కూర్చుని బండిని నిటారుగా పట్టుకోవాలి. నేల నుంచి హెడ్‌లైట్ మధ్యభాగం ఎంత ఎత్తుందో కొలిచి గోడ మీద అదే ఎత్తులో సుద్దగీత గీయండి. డిమ్ వెలుగు పై అంచు ఆ గీతకి 5 నుంచి 25 సెంటీమీటర్లు కింద ఉండాలి. 10 నుంచి 15 మధ్య ఉంచితే ఊళ్లోనూ హైవే మీదా బాగుంటుంది. తరచూ వెనక మనిషిని ఎక్కించుకునేవాళ్లు ఇంకాస్త కిందికి దించుకోవాలి, బరువుకి వెనక దిగి ముందు లేస్తుంది. హెడ్‌లైట్ వెనకున్న సర్దుబాటు నాబ్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ చూడండి. బల్బు మార్చాక లైటు ఒక్కసారిగా ఎక్కువ మారిపోయిందంటే నాబ్ ముట్టుకోకండి, బల్బు ఒరిగి కూర్చుంది.

పాత బల్బు ఏం చెబుతోంది

పారేసే ముందు పాత బల్బుని వెలుతురులో చూడండి. గాజు స్పష్టంగా ఉండి ఫిలమెంట్ మాత్రం తెగి ఉంటే అదురు వల్ల పోయింది. క్లిప్పు బిగువు చూడాలి. గాజు లోపల తెల్లటి పొడి పేరుకుంటే సన్నటి పగులు లోంచి గాలి దూరింది. ఉబ్బి కనిపిస్తే ఎవరి వేలో తగిలింది. చాలాకాలం వాడాక గాజు నల్లబడటం సహజం. కొన్ని నెలల్లోనే నల్లబడితే మాత్రం వోల్టేజీ ఎక్కువగా వస్తోంది.

అది తేల్చుకోవడానికి ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్యాటరీ మీద మీటర్ పెట్టి, 5,000 ఆర్‌పీఎం దగ్గర చూడండి. 14 నుంచి 14.5 మధ్య ఉంటే సరే. 15 దాటితే వోల్టేజీని అదుపులో ఉంచే ఆర్‌ఆర్ యూనిట్ (రెగ్యులేటర్ రెక్టిఫైయర్) మార్చాలి. వోల్టేజీ 5 శాతం పెరిగితే హాలోజన్ బల్బు ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. ఆర్‌ఆర్ యూనిట్ వదిలేసి బల్బులు మారుస్తూ పోతే బ్యాటరీ కూడా ఉడికిపోతుంది.

వెలుగు తక్కువైతే ఇంకో కొలత తీయాలి. లైటు వెలుగుతుండగా బ్యాటరీ వోల్టేజీ, కప్లర్ వెనక నుంచి ప్రోబ్ దూర్చి బల్బు దగ్గరి వోల్టేజీ రెండూ చూడండి. తేడా అర వోల్టు లోపుంటే వైరింగ్ బాగున్నట్టే. 12 వోల్టుల్లో ఒక వోల్టు దారిలో పోతే వెలుగు నాలుగో వంతు తగ్గుతుంది. అప్పుడు ఎక్కువ వాట్ల బల్బు కొనడం కాదు, ఎర్త్ బోల్టు, స్విచ్ పాయింట్లు, కప్లర్ శుభ్రం చేయాలి. అవి బాగున్నా తేడా తగ్గకపోతే బ్యాటరీ నుంచి ఫ్యూజుతో నేరుగా వైరు తెచ్చి రిలే (స్విచ్ మీద భారం పడకుండా బల్బుకి కరెంటు ఇచ్చే పరికరం) పెట్టించండి. 55 వాట్ల బల్బే కొత్తదానిలా వెలుగుతుంది.