పాత మియాటాలో గేరు పడకపోతే

1990ల మాజ్దా ఎంఎక్స్-5 (మియాటా) కారులో రివర్స్ గేరు గరగరమంటున్నా, క్లచ్ పెడల్ నేలకు దిగిపోతున్నా తొందరపడి గేర్‌బాక్స్ విప్పొద్దు. ముందు క్లచ్ రిజర్వాయర్‌లో (ఫ్లూయిడ్ ఉండే చిన్న డబ్బా) ఫ్లూయిడ్ మట్టం చూడండి. తగ్గివుంటే బండిని స్టాండ్లపై నిలిపి (జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు) గేర్‌బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్ ఒత్తిడితో క్లచ్‌ను కదిలించేది) రబ్బరు బూటు ఎత్తండి. లోపల తడిగా ఉంటే సీల్ పోయినట్టే. పాత ఫ్లూయిడ్ తేమ పీల్చుకుని సిలిండర్ గోడను తుప్పుపట్టిస్తుంది, ఆ గరుకు సీల్‌ను కోస్తుంది. అందుకే రిపేర్ కిట్ కన్నా కొత్త సిలిండరే మేలు.

పైపు నట్‌ను ఫ్లేర్ స్పానర్‌తోనే (నట్‌ను దాదాపు చుట్టూ పట్టేది) వదులు చేయండి, మామూలు స్పానర్ దాని అంచులు అరగదీస్తుంది. తర్వాత సిలిండర్‌ను పట్టివుంచే రెండు బోల్టులు 12 ఎంఎం స్పానర్‌తో విప్పండి. కొత్తది బిగించి డాట్ 3 రకం బ్రేక్ ఫ్లూయిడ్ పోయండి. ఇక లోపలి గాలి తీయాలి. ఒకరు పెడల్ తొక్కిపట్టాలి, మరొకరు బ్లీడర్ (సిలిండర్‌పై గాలి వదిలే స్క్రూ) తెరిచి, పెడల్ వదలకముందే మూయాలి. బుడగలు ఆగేదాకా ఇంతే. మధ్యలో రిజర్వాయర్ ఖాళీ అయితే గాలి మళ్లీ చేరుతుంది. ఫ్లూయిడ్ పెయింట్‌ను తినేస్తుంది, చిందితే వెంటనే నీళ్లతో కడగండి.